పిడుగు చేతికి నెమ్మది చెక్క

కొట్టు తెరిచిననాడు నా చేతిలో ఉన్నవి రెండు అద్దాల బీరువాలు, ఒక జిగురు డబ్బా, రబ్బరును చెక్క మీద ఒత్తే రోలరు, మనిషి చెయ్యి చూసి సరుకు చెప్పే కన్ను. వీటికి తోడు నా బామ్మర్ది. టేబుల్ టెన్నిస్ బల్ల దగ్గర వాణ్ణి పిడుగు అనేవాళ్ళు. వాడు మా బ్యాటుతో గెలిచినన్నాళ్ళు నాకు వేరే ప్రచారం అక్కర్లేకపోయింది.

మా సరుకు సంగతి చెప్పాలి. బ్యాటు అంటే మధ్యలో చెక్క, రెండు వైపులా స్పాంజి మీద రబ్బరు. విరుచుకుపడి కొట్టేవాడికి గట్టి చెక్క, మందపాటి స్పాంజి, బంతిని పట్టి తిప్పే జిగట రబ్బరు ఇస్తాం. వెనక్కి జరిగి బంతిని కింద నుంచి కోసి పంపేవాడికి మెత్తని చెక్క, పలచని స్పాంజి, ఒకవైపు పొడవాటి బొడిపెల రబ్బరు. పెళ్ళి సంబంధంలాగే, విడివిడిగా మంచివైతే చాలదు, రెండూ కలవాలి. అయినా ఆట తగ్గిన ప్రతివాడూ వచ్చి, ఇంకా వేగమైనది ఉందా అనే అడుగుతాడు, పరుగు తగ్గినవాడు చెప్పులు మార్చినట్టు.

పోయిన వానల్లో బామ్మర్ది భార్య జ్వరంతో పోయింది. వాడు ఏడవలేదు. పని మానలేదు. వర్క్‌షాపులో లేత్ మిషను ఆపి నేరుగా కొట్టుకొచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. టీ ఇస్తే తాగేవాడు, చల్లారిపోయినా తాగేవాడు.

క్లబ్బు పోటీ దగ్గరపడింది. "ఇదొక్కటీ ఆడి క్లబ్బులో పేరు తీయించేసుకుంటా బావా" అన్నాడు, బస్సు టైము చెప్పినట్టు.

ఆ మాట నేను ఇంట్లో చెప్పాను. మా ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది. "అది కూడా మానేస్తే వాడు గోడకి కొట్టిన మేకే. ఊరందరికీ బ్యాట్లు అంటగడతారు గదా, నా తమ్ముడికి పనికొచ్చేది ఒక్కటి కట్టలేరూ?"

కట్టాను. అందరి తెలివే నాదీ అయింది. కొట్టులో అన్నిటికన్నా వేగమైన, కార్బన్ పొర వేసిన చెక్క తీసి, రెండు వైపులా మందపాటి స్పాంజి రబ్బరు వేశాను. ఆడితే బంతి బల్లను దాటి గోడకి తగిలేది. వాడు వెళ్ళి తెచ్చుకునేవాడు. మళ్ళీ గోడకే. విసుక్కోలేదు. బెంచీ మీద కూర్చున్న నాకూ ఏమీ అనిపించలేదు. ఆ మధ్య నాకూ ఏదీ అంతగా తగలడం లేదు. వాడి భార్య నన్ను అన్నయ్యా అని పిలిచేది.

ఊరికే చూస్తూ ఉంటే ఒకటి కనబడింది. ఇదివరకు వాడు లేచే బంతిని కొట్టేవాడు. ఇప్పుడు బల్లకు దూరంగా నిలబడి, అది నడుం దాకా దిగనిచ్చి అప్పుడు చెయ్యి పెడుతున్నాడు. చెయ్యి మారిపోయింది. నేను పాత చేతికి సరుకు కడుతున్నాను.

మర్నాడు మెత్తని చెక్క తీసి, ఒకవైపు పలచని స్పాంజితో ఎర్ర రబ్బరు, రెండోవైపు నల్ల బొడిపెల రబ్బరు అతికించి ఇచ్చాను.

"ఇదేంటి బావా, తలుపు చెక్కలా ఉంది."

"ముసలాళ్ళకి కట్టేది. నీకూ వయసొచ్చిందిగా."

"నీకన్నా చిన్నోణ్ణే."

"నేను అమ్ముతా, ఆడను. తెలివి అంటే అదీ."

నవ్వలేదు. బంతిని దాని మీద తట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

పోటీలో వాడికి ఎదురుపడినవాడు బ్యాంకు గుమాస్తా. ఆటకు ముందు ఒకరి బ్యాటు ఒకరు తీసుకుని చూడటం మాలో ఆనవాయితీ. గుమాస్తా బొడిపెల మీద వేలు రాసి, "ఏంటి పిడుగన్నా, దువ్వెన తెచ్చావ్?" అన్నాడు.

"దువ్వుకోడానికి నీకు జుట్టుండాలిగా" అన్నాను బెంచీ మీంచి. బట్టతల తడుముకుని వాడే ముందు నవ్వాడు. బామ్మర్ది బ్యాటు వెనక్కి తీసుకుని, "మా బావ కట్టాడు" అన్నాడంతే.

గుమాస్తా బాదుతుంటే మావాడు గోడ దాకా వెళ్ళి, నేలకు దగ్గరగా దిగిన బంతిని కూడా కోసి పంపాడు. అది బల్ల మీద పడి ముందుకు రాకుండా నీలిగేది. గుమాస్తా బంతులు నెట్‌లో పడ్డాయి. మావాడు ఆటను చివరి గేము దాకా లాగాడు. అక్కడ గుమాస్తా బంతి ఒకటి పైకి లేచింది. మావాడు ముందుకు దూకి ఎర్రవైపుతో కొట్టాడు. బంతిలో బలం లేదు. గుమాస్తా తేలిగ్గా తిప్పి పంపాడు. ఆట పోయింది.

ఆట చూడ్డానికొచ్చిన మా ఆవిడ తమ్ముడికి నీళ్ళ సీసా ఇచ్చి నా వంక చూసింది. వాడు ఎర్ర రబ్బరును బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు.

"బావా, ఇటు స్పాంజి ఇంత పలచగా ఎవడెయ్యమన్నాడు? చేతికొచ్చిన బంతి చచ్చింది. మందంది వెయ్యి."

"పేరు తీయించుకుంటానన్నావుగా. రబ్బరు దండగ దేనికి?"

"ముందు వెయ్యవయ్యా. వచ్చేవారం ఆ బట్టతలాడు మళ్ళీ ఆడదామన్నాడు."

లెక్క చూసుకుంటే, ఆట పోయింది. పీకిన రబ్బరు మళ్ళీ అమ్ముడుపోదు. చెల్లెమ్మ లేని లోటు ఎక్కడిదక్కడే ఉంది. వచ్చిందల్లా, ఇన్ని నెలలకి మా బామ్మర్ది నా సరుకుకు వంక పెట్టాడు.