అమావాస్య లెక్క

పిల్లలు నోట్లో పెట్టుకున్న ప్లాస్టిక్ బొమ్మల్ని గురువమ్మ సబ్బునీళ్ళలో కడుగుతోంది. గాజువాకలో మందుల షాపు పైన రెండు గదులు. లోపలి గదిలో మధులత మేడమ్ ఆడవాళ్ళ మనసులోని బాధలు వింటుంది; బయటి గదిలో వాళ్ళ పిల్లల్ని గురువమ్మ ఆడిస్తుంది. ఇరవై ఏళ్ళు హార్బర్‌లో చేపల గంప మోసిన మనిషి. మాట్లాడుకోవడానికి కూడా డాక్టరా అని మొదట్లో నవ్వుకుంది గానీ, తల వంచుకుని వెళ్ళినవాళ్ళు కాస్త తేలికపడి రావడం చూశాక ఆ నవ్వు పోయింది. తన పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నీకెలా ఉందని తననెవరూ అడగలేదే అన్న దిగులు మాత్రం మిగిలింది.

మర్నాడు రావలసినవాళ్ళకి ఫోన్ చేసి గుర్తు చేయడం కూడా ఆమె పనే. అందులో చంద్రికది వేరే సంగతి. ఉక్కునగరంలో, స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో ఉంటుంది. రెండోవాడు పుట్టాక నిద్రా నవ్వూ రెండూ పోయాయి. ఇక్కడికి వస్తున్నట్టు భర్తకి తెలియదు. అతను పొద్దుటి డ్యూటీకి, అదే ఎ షిఫ్టుకి, వెళ్ళే వారమే వస్తుంది. ఆ వారమే ఫోన్ చేయమంది. వారం వారం మారే ఈ షిఫ్టులు గురువమ్మ తలకెక్కలేదు. మొదటిసారి ఎ షిఫ్టు అమావాస్య వెళ్ళగానే పడింది. వేటకి తిథులు చూసుకునే ఇంట్లో పుట్టిన మనిషి, అదే లెక్క పెట్టేసుకుంది. మూడు నెలలు సరిపోయింది కూడా.

ఈసారి ఫోనెత్తింది మగగొంతు, రాత్రి డ్యూటీ చేసొచ్చిన నిద్రమత్తుతో.

"కౌన్సిలింగు నుంచి బాబూ. సెంద్రికమ్మ రేపు రావాల..."

"ఏం కౌన్సిలింగు?"

గురువమ్మ ఠక్కున ఫోన్ పెట్టేసింది. మేడమ్‌తో చెబుదామని రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

సాయంత్రం చంద్రికే వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కింద భర్త బండి ఇంజిన్ ఆపలేదు.

"నా పేరు కొట్టేయండమ్మా. ఇంక రాను. పిచ్చిదాన్నని ఊరంతా చాటుకుంటున్నానంట."

"నానే సేసినానమ్మా ఫోను. నా లెక్కే తప్పింది."

"పోనీలెండి, ఆయన షిఫ్టులు ఒక్కోసారి నాకే గుర్తుండవు." చంద్రిక సంచిలోంచి స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "మినప సున్నుండలు. మీ మోకాళ్ళ నొప్పులకి మంచివని నిన్న చేశాను, ఈసారి వచ్చేటప్పుడు తెద్దామని."

"మేడమ్మునొక్కసారి సూసెల్లమ్మా."

కింద హారన్ మోగింది. చంద్రిక లోపలి తలుపు వైపు ఒక్కసారి చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. నాలుగు తిట్టి వెళ్ళినా బాగుండేదనిపించింది గురువమ్మకి. ఆమె నెలకో గంట మాట్లాడుకునే చోటు, అది కాస్తా తన చేతులతోనే పోగొట్టింది.

ఆ రాత్రి ఇంట్లో ఒక్క ఉండైనా నోట పెట్టలేకపోయింది. డబ్బా తిరిగిద్దామంటే ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కుతుంది? దీపం వెలుతురులో మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాల్ని వేలితో తడుముతూ కూడబలుక్కుని చదివింది: చంద్రికకు, అమ్మ.