లేత్ మోతలో దొరికిన శ్రుతి

శుక్రవారం పదకొండు గంటలకు మేస్త్రి పాడాలి. రెండు స్వరాలు, నాలుగు మాటలు. పాడలేకపోతే శనివారం ఉదయం బస్సుకి మరదలు తన అక్కను వెంట తీసుకెళ్లిపోతుంది. టికెట్లు రెండు తీసి పెట్టింది.

మేస్త్రి ముప్ఫై ఒక్క ఏళ్లుగా లేత్ మీద ఇనుము చెక్కుతున్నాడు. షెడ్డులో మాట్లాడినట్టే ఇంట్లోనూ మాట్లాడతాడు. ఆయన ఫోనెత్తితే పక్కింటివాళ్లకు విషయం తెలిసిపోతుంది. ఆర్నెల్ల కిందట భార్యకు పక్షవాతం వచ్చింది. కుడికాలు కుదుటపడింది, కుడిచెయ్యి సగం పట్టొచ్చింది, మాట మాత్రం రాలేదు. ఎవరేమన్నా అర్థమవుతుంది. నోరు తెరుస్తుంది. మాట గొంతు దాటదు. అలాంటిది ఒకరోజు ఆస్పత్రిలో థెరపిస్టు రాగం తీసి ‘నీళ్లు కావాలి’ అంటే, ఆమె కూడా రాగంతోపాటే అనేసింది.

"కొందరికి మాట పోయినా పాట మిగులుతుందండీ," అంది థెరపిస్టు. "రోజూ ఇంట్లో ఒకరు తోడు పాడాలి. ఎత్తుకునే చోటు, అదే శ్రుతి, మారకూడదు. మారితే ఆవిడ ఆగిపోతారు."

మరదలు పిల్లలకు సంగీతం చెబుతుంది. మూడు వారాలు సెలవు పెట్టి వచ్చి, అక్క చేత పాడిస్తూ బావకు నేర్పసాగింది. పొట్ట మీద చెయ్యి పెట్టించి ఊపిరి తీయించింది. శ్రుతిపెట్టె మోగించి అందులో గొంతు కలపమంది.

"అరవకు బావా. పాడు."

"పాడుతున్నాగా."

"ఇది పాట కాదు. కూరగాయల బండి."

శ్రుతి తప్పిందని మేస్త్రికి తెలిసేది కాదు. భార్యకు తెలిసేది. కుర్చీలోంచే ఎడమ అరచేతిని కిందికి నొక్కేది, దించు అన్నట్టు.

రెండో వారం చివర్లో మరదలు శ్రుతిపెట్టె కట్టేసింది. "నేను ఎల్లకాలం ఇక్కడ కూర్చోలేను. శుక్రవారం థెరపిస్టు ముందు అక్క నీతో పాడిందా, ఇక్కడే ఉంటుంది. పాడలేదా, నాతో వస్తుంది."

"అది మీ ఇంట్లో ఉండదు."

"ఉండనని చెప్పడానికి దానికి నోరుందా?"

లోపలి గదిలో మంచం కిర్రుమంది.

మర్నాడు షెడ్డులో లేత్ ఆన్ చేసి మేస్త్రి అలాగే నిలబడ్డాడు. మోటారు మోత విని బేరింగు ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పగలడు. మోత పిసరంత మారినా ఆయన చెవి పట్టేస్తుంది. నోరు మూసి, ఖాళీగా తిరుగుతున్న మోటారుతో ‘మ్’ అన్నాడు. గొంతు మోతలోకి దిగి కలిసిపోయింది. ఆ మోతను ఫోనులో రికార్డు చేసుకున్నాడు.

మరదలు విని, శ్రుతిపెట్టెతో సరిచూసింది. "కొంచెం కింద ఉంది. అక్కకు ఇదే హాయిలే."

ఫోనులో లేత్ మోగుతుంటే మేస్త్రి పాడాడు. భార్య చెయ్యి కదపలేదు. గురువారానికి నాలుగింట్లో మూడు మాటలు అంది.

శుక్రవారం ఆయన ఫోను బల్ల మీద పెట్టగానే థెరపిస్టు దాన్ని పక్కకు జరిపింది. "అది లేకుండా పాడండి. చార్జింగు అయిపోయిన రోజు కూడా ఆవిడకు దాహం వేస్తుంది కదా."

మేస్త్రి ఊపిరి తీసి ఎత్తుకున్నాడు. "నీళ్లు కావాలి."

భార్య నోరు తెరిచి, మూసేసింది.

మళ్లీ పాడాడు. మళ్లీ మూసేసింది. గుమ్మం దగ్గర మరదలు తల దించుకుంది. గదిలో ఏసీ మోగుతోంది. ఏ యంత్రం మోగితే దానితో గొంతు కలపడం ఆయన మరిగాడు. ఏసీ మోత లేత్ కన్నా బాగా పైన ఉంది. ఆ సంగతి ఆయనకు అప్పుడు తట్టింది.

"ఏసీ ఆపుతారా?"

"బిల్డింగంతటికీ ఒకటేనండీ. ఇంకొక్కసారి చూద్దాం." థెరపిస్టు కాగితం మీద తప్పిన లెక్కకు రెండో గీత గీసింది.

మేస్త్రి రెండు చెవులూ అరచేతులతో మూసుకున్నాడు. ఏసీ మోత పోయింది. లేత్ మోత మాత్రం గుర్తుకు రాలేదు. భార్య ఆయన చేతిని చెవి మీంచి లాగేసింది. అరచెయ్యి కిందికి నొక్కింది. ఆయన గొంతు దించాడు. ఇంకా నొక్కింది. ఇంకొంచెం దించాడు. ఎక్కడిదాకా దించాలో తెలియక ఆగిపోయాడు.

ఆమె చిరాకుపడింది. "ఇంకా దించూ," అంది.

రాగం తీసి అంది. లేత్ ఎక్కడ మోగుతుందో సరిగ్గా అక్కడ. ఆ మాట నాలుగింట్లో లేదు, ఎవరూ నేర్పలేదు.

మేస్త్రి ఆ చోటు పట్టుకున్నాడు. "నీళ్లు కావాలి." ఆమె కలిసింది. "ఆకలేస్తోంది." కలిసింది. "నొప్పిగా ఉంది." కలిసింది. ‘లైటు వెయ్యి’ దగ్గర ఆమె నాలుక మడతపడింది. ఆయన గొంతు పెంచలేదు. అదే చోట మూడుసార్లు ఎత్తుకున్నాడు. మూడోసారికి ‘లైటు’ వరకు వచ్చింది.

థెరపిస్టు కలం తీసింది. "ఇంట్లో పాడించేది ఎవరని రాయమంటారు?"

"భర్త అని రాయండి." మరదలు ఫోనులో అక్క బస్సు టికెట్టు రద్దు చేస్తోంది. "దించమని చెప్పడానికి అక్క ఉందిగా."

"రాశారా?" అన్నాడు మేస్త్రి, షెడ్డులో అడిగినట్టే.

భార్య అరచేతిని కిందికి నొక్కింది.