అందుకునే గొంతు

కొత్త కీబోర్డు వచ్చినప్పటి నుంచి బోధన్‌లోని మా ప్రార్థన మందిరంలో ఎవరి గొంతూ ఎవరికీ వినబడటం లేదు. పాస్టర్ జయప్రకాష్ గారు మంచి మనిషే. కానీ పాటంటే ఆయనకు పుస్తకంలో ఉండాలి, తెర మీద పడాలి. క్వయర్‌లో నేనూ ఉన్నాను. అందరితో పాటు ఒకే రంగు చీర కట్టుకుని, మా ఇళ్లలో ఎవరూ మాట్లాడని తెలుగులో బుద్ధిగా పాడి వస్తాను.

ఆ ఆదివారం, ఎవరి కష్టసుఖాలు వాళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ సుకన్య లేచింది. మా పక్కింటి పిల్ల, ఇద్దరం కలిసే బీడీలు చుడతాం. ఆ వారంలోనే రుద్రూర్ దగ్గర చెరుకు ట్రాక్టర్ బోల్తా పడి ఆమె భర్త రామ్‌దాస్ దాని కింద నలిగాడు. నిజామాబాద్ ఆస్పత్రిలో గాలి మిషన్ మీద ఉన్నాడు. ఇక మీ దేవుణ్ని మొక్కుకొమ్మని డాక్టర్ అనేసరికి, మరిది మహేష్‌ను అక్కడ ఉంచి పొద్దుటి బస్సుకు పరుగెత్తుకొచ్చింది.

మైకు ఇస్తే వద్దంది. నడుము వంచి, చప్పట్లు చరుస్తూ మొదలుపెట్టింది.

"ఏసయ్య నా తండ్రి ఉయ్యాలో... ఎటువోతివయ్య ఉయ్యాలో..."

అది బతుకమ్మ పాట వరస. బాప్తిస్మం తీసుకున్నాక మేమంతా వదిలేసిన వరస. పాపం, కడుపులో దుఃఖం పాటగా బయటికి రావాలంటే దాని నోటికి వేరే దారి లేదు.

"అమ్మా, ఆ బాణీ ఇక్కడ వద్దు. కూర్చోండి, రామ్‌దాస్ కోసం నేను ప్రార్థన చేస్తాను," అన్నారు పాస్టర్ గారు మెల్లగానే.

"అయ్యగారూ, మీ ప్రార్థన మస్తు మంచిగుంటది. గని ఏసయ్యకు నా మాట తెల్వదా?"

ఆయన బైబిల్ తిరగేశారు. సుకన్య మళ్లీ ఎత్తుకుంది.

"చెరుకు బండి కింద ఉయ్యాలో... నా రామ్‌దాసు వడ్డడు ఉయ్యాలో..."

ఒకరు పాడితే మిగతావాళ్లు ఉయ్యాలో అంటూ అందుకోవాలి, ఆ పాట తీరే అంత. ఎవరూ అందుకోలేదు. పొయ్యి దగ్గర ఇదే వరస కూనిరాగం తీసే నోళ్లన్నీ కుట్టేసినట్టు మూసుకున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"అందుకుంటలేరేంది? ఒక్కదాన్ని ఎంత దూరం గుంజుకపోను?" సుకన్య నా వైపు తిరిగింది. "నవతక్కా, నువ్వన్న అనవే!"

అన్నాను. చీర కుచ్చిళ్లు ఎగదోపి, వెళ్లి దాని ఎదురుగా నిలబడి, చప్పట్లు చరుస్తూ అన్నాను. పాస్టర్ గారు నా పేరు పెట్టి పిలవడం వినబడింది. వినిపించుకోలేదు.

అప్పుడు దాని నడుముకు దోపుకున్న ఫోను మోగింది.

"ఎత్తవే, మహేషేమో," అన్నాను.

"ఎత్త." తల అడ్డంగా ఊపింది. "పాట అయిపోలే. పాట అయిపోయేదాక ఆయనకు ఏం గాదు. నువ్వు అందుకో అక్కా, ఆపకు."

ఫోను మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. సుకన్య పాటను పొడిగిస్తూనే ఉంది. పెండ్లి నాటి సంగతి, పిల్లల పేర్లు, ఆయన తినే తిండి, తోచిందల్లా పాటలోకి లాగుతోంది. చెమటకు రవిక తడిసిపోయింది. వెనక ఎవరో ఆడమనిషి సన్నగా గొంతు కలిపింది.

దాని ఫోను ఆగిపోయింది.

నా సంచిలో ఫోను మోగింది. తీసి చూశాను, మహేష్. సుకన్య నా మొహంలోకి చూసింది, చేతులు మాత్రం ఆపలేదు.

"ఉయ్యాలో," అన్నాను.