కల్లానికి మబ్బు పట్టిన రోజు

సింగరాయకొండలో సుబ్బరావమ్మ బాత్రూములో జారిపడి ముంజేయి విరగ్గొట్టుకోవడంతో, వినుకొండ దగ్గరి పల్లెలో ఉన్న అల్లుడు అంకమ్మరావు ఇంట్లో ఏర్పాట్లన్నీ తల్లకిందులయ్యాయి. ఆమె అతనికి స్వయానా మేనత్త. కూతురు జ్యోతిర్మయి డీఎస్సీ కోచింగుకని గుంటూరు వెళ్ళి హాస్టల్లో ఉండే రెండు నెలలూ తానొచ్చి మనవల్ని చూసుకుంటానని మాటిచ్చింది. ఇంకో నాలుగు రోజుల్లో బయల్దేరాల్సిన మనిషి చేతికి పిండికట్టుతో మంచమెక్కింది.

“నేను వెళ్ళను బావా,” అంది జ్యోతిర్మయి, సర్దుకున్న సంచీలోంచి పుస్తకాలు తీసి మళ్ళీ అలమరలో పెడుతూ. “వచ్చేసారి చూసుకుందాంలే.”

టీచరు కావాలన్నది ఆమెకు పెళ్ళి కాకముందు నుంచీ ఉన్న కోరిక. చదువు పూర్తయిన ఏడే అలేఖ్య కడుపున పడింది. ఆ తర్వాత మూడేళ్ళకు చైతన్యకృష్ణ. “వచ్చేసారి” అన్న మాట ఆమె నోట రావడం అది మూడోసారి. అంకమ్మరావుకు అది ముల్లులా గుచ్చుకుంది.

“నువ్వెళ్ళు. నాలుగెకరాల మిరప పెంచేవాణ్ణి, నా పిల్లలిద్దర్నీ చూసుకోలేనా?” అన్నాడు.

జ్యోతిర్మయి అతని వంక తేరిపార చూసింది. “మిరప మొక్క నిద్దట్లో లేచి నీళ్ళడగదు బావా,” అంది. అంటూనే పుస్తకాలు మళ్ళీ సంచీలో పెట్టుకుంది.

ఆ మాటలోని నిజం అతనికి మొదటి రోజు పొద్దున్నే తెలిసొచ్చింది. రెండేళ్ళు ఇంకా నిండని చైతు నిద్రలేచి అమ్మకోసం ఇల్లంతా తిరిగాడు. తలుపుల వెనక చూశాడు, మంచం కింద చూశాడు. ఎక్కడా కనిపించకపోయేసరికి వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా మూత ఎత్తి అందులోకి కూడా తొంగి చూశాడు. తర్వాత అక్కడే కూలబడి రాగం మొదలుపెట్టాడు. వాణ్ణి సముదాయించేలోపు పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఐదేళ్ళ అలేఖ్య స్కూలు యూనిఫాం వేసుకుని దువ్వెనా రిబ్బన్లూ చేతబట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

“రెండు జడలు నాన్నా. వ్యాను వచ్చేస్తుంది.”

మిరపకాయల టిక్కీ బస్తాకు మూతి కుట్టడంలో అంకమ్మరావు చెయ్యి తిరిగినవాడు. జడ మాత్రం చేతికి రాలేదు. వేళ్ళలోంచి వెంట్రుకలు జారిపోతుంటే, పురికొస బిగించినట్టు బిగించి ముడేశాడు. పిల్ల అద్దంలో చూసుకుని, “ఒకటి పైకుంది, ఒకటి కిందకుంది,” అని చెప్పి, ఏడవకుండా వ్యాను ఎక్కేసింది. ఏడ్చుంటే అతనికి అంత బాధ కలిగేది కాదు.

అట్లా పది రోజులు గడిచేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ముద్దపప్పులో నెయ్యికి గుంట ఎట్లా చెయ్యాలో కూతురు నేర్పింది. ఏ చొక్కా ఇష్టమో, ఏ చొక్కా గీరుకుంటుందో కొడుకు తన్నులతో నేర్పాడు. అన్నీ కష్టాలే అంటే అది అబద్ధం. మధ్యాహ్నం పూట వేపచెట్టు కింద మంచం మీద వాలితే చైతు ఎక్కి వచ్చి అతని పొట్ట మీద బోర్లా పడుకుని నిద్రపోయేవాడు. నిద్రలో వాడి చొంగ చొక్కా తడిపేది. పక్క తిరగాలనిపించినా, వాడు లేస్తాడని గంటసేపు కదలకుండా ఆకుల సందుల్లోంచి ఆకాశం చూస్తూ ఉండిపోయేవాడు. ఇన్నాళ్ళూ పొలం నుంచి వచ్చేసరికి స్నానం చేసి, పౌడరు రాసుకుని, తయారుగా ఉన్న పిల్లల్నే అతను చూశాడు. ఆ తయారు చేయడం వెనక ఎంత పని ఉందో ఇప్పుడు తెలుస్తోంది.

మార్చి నెల సగానికి వచ్చింది. రెండో కోత కాయ కల్లంలో ఆరబోసి ఉంది. ఎకరం మేర నేలంతా ఎర్రగా తివాచీ పరిచినట్టుంది. ఆరోజు పదమూడు మంది ఆడకూలీలు చీరల మీద పొడుగుచేతుల చొక్కాలు తొడుక్కుని, తలలకు గుడ్డలు చుట్టుకుని, రంగు మారిన తాలుకాయ ఏరుతున్నారు. వాళ్ళకు పెద్ద పున్నమ్మ. వాళ్ళను పక్క ఊరి నుంచి రోజూ తీసుకొచ్చి, సాయంత్రం తీసుకెళ్ళేది అల్లాబక్షు ఆటో. రంజాను నెల కావడంతో అల్లాబక్షు ఒక్కపొద్దుండి, ఆటోలోనే ఓ కునుకు తీస్తున్నాడు.

నాలుగున్నరకి వ్యాను దిగి అలేఖ్య కల్లం దగ్గరికే వచ్చింది. చైతు చెట్టుకింద మంచం మీద నిద్రపోతున్నాడు. తమ్ముడి పక్కన కూర్చోమని చెప్పి అంకమ్మరావు అటు తిరిగాడో లేదో, పడమట కొండ వైపు నుంచి చల్లగాలి కొట్టింది. తలెత్తి చూస్తే నల్లటి మబ్బు.

“అబ్బాయ్, వానొస్తంది! పట్టాలు తియ్యి!” పున్నమ్మ కేకేసింది.

ఆరిన కాయ తడిస్తే ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది. అందరూ ఉరుకులు పరుగులు పెట్టారు. కొందరు పారలతో కాయ రాశి చేస్తుంటే కొందరు టార్పాలిన్ పట్టాలు విప్పుతున్నారు. అంకమ్మరావు రెండు చేతులా కాయ ఎత్తి రాశి మీద పోస్తున్నాడు. ఆ గోలకు చైతు లేచాడు. అలేఖ్య మంచినీళ్ళ కోసం బాటిలు మూత తిప్పుతున్నంతలో మంచం దిగి, నాన్న ఉన్న వైపు బుడిబుడి అడుగులేసుకుంటూ వచ్చాడు. దారిలో కనిపించిన ఎర్రకాయలు గుప్పెట్లో పట్టి నలిపాడు. గాలికి దుమ్ము లేచి కంట్లో పడింది. ఆ చేతులతోనే రెండు కళ్ళూ రుద్దుకున్నాడు.

వాడు పెట్టిన కేకకు కల్లమంతా ఆగిపోయింది.

అంకమ్మరావు కాయ వదిలేసి ఒక్క అంగలో వెళ్ళి వాడి మొహం పట్టుకోబోయాడు.

“నాన్నా, ముట్టుకోవద్దు! నీ చేతులకీ కారమే!” అలేఖ్య అరిచింది. “అమ్మ కడుక్కోకుండా ముట్టుకోదు!”

అతను చేతులు గాల్లోనే ఆపేశాడు. పున్నమ్మ వైపు చూశాడు. ఆమె కూడా తన అరచేతులు చూసుకుంది. చుట్టూ నిలబడ్డ పదమూడు మందిదీ అదే పరిస్థితి. బిడ్డ కళ్ళు మూసుకుని నేల మీద పడి కొట్టుకుంటున్నాడు. అంతమంది పెద్దవాళ్ళున్నా వాణ్ణి తాకగలిగిన చేతులు ఒక్కరికీ లేవు.

ఆ గొడవకు మేలుకున్న అల్లాబక్షు పరిగెత్తుకుంటూ వచ్చి, చైతును ఒడిలో వేసుకుని కాళ్ళూ చేతులూ కదలకుండా పట్టుకున్నాడు. “పాపా, నీళ్ళు పొయ్యి తల్లీ. ముందు వాడి చేతులు కడుగు. ఆ తర్వాత కళ్ళ మీద మెల్లగా పొయ్యి. ఆపొద్దు,” అన్నాడు. అలేఖ్య కూలీల మంచినీళ్ళ క్యాను పక్కన కూర్చుని గ్లాసు తర్వాత గ్లాసు పోసింది. తమ్ముడు తన్నుతున్నా, తన గౌను తడిసిపోతున్నా, “అయిపోయింది చైతూ, అయిపోయింది నాన్నా,” అంటూ, అచ్చం తల్లి గొంతుతో, క్యాను ఖాళీ అయ్యేదాకా పోసింది. అంకమ్మరావు రెండు చేతులూ దూరంగా చాచుకుని మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. పొలంలో పామును చూసినా బెదరని మనిషికి ఆ పావుగంటలో ప్రాణం కడబట్టింది.

వాడు కళ్ళు తెరవడం లేదు. వినుకొండకు తీసుకుపోదామన్నాడు అల్లాబక్షు. తండ్రీ పిల్లలూ ఆటో ఎక్కారు. అలేఖ్య ఒళ్ళో చైతు. వాళ్ళిద్దరూ జారిపోకుండా అంకమ్మరావు మోచేతులు అడ్డం పెట్టాడు. వెనక నుంచి పున్నమ్మ ఏదో అరిచింది గానీ ఆటో చప్పుడులో అతనికి వినపడలేదు. సగం దారిలో టప్‌టప్‌మని చినుకులు మొదలయ్యాయి. అప్పుడు గుర్తొచ్చింది కల్లం. గుర్తొచ్చి కూడా అతను వెనక్కి తిరిగి చూడలేదు.

ఆసుపత్రిలో కుళాయి దగ్గర సబ్బుతో నాలుగుసార్లు చేతులు కడుక్కున్నాకే కొడుకును ఎత్తుకున్నాడు. డాక్టరమ్మ కంట్లో ఏవో చుక్కలు వేసి, లైటు పెట్టి, రెండు కళ్ళూ చాలాసేపు చూసింది.

“నల్లగుడ్డుకేం కాలేదు. వాపు రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది,” అంది. “పాలూ నూనే పోసి తెస్తుంటారు చాలామంది. మీరు ఉత్త నీళ్ళతో బాగా కడిగారు. ఎవరు కడిగారు?”

అంకమ్మరావు అలేఖ్య వైపు చూపించాడు. గోడవైపు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

బయటికొచ్చేసరికి మసీదులో మైకు వినిపిస్తోంది. అల్లాబక్షు జేబులోంచి ఖర్జూరాలు తీసి ఒకటి నోట్లో వేసుకున్నాడు. అలేఖ్య తన బాటిల్లో మిగిలిన నీళ్ళు ఇచ్చింది. ఆ పూట అతను ఆ నీళ్ళతోనే ఒక్కపొద్దు విడిచాడు. ఇంకో ఖర్జూరం పిల్ల చేతిలో పెట్టి, “డాక్టరువి అవుతావులే,” అన్నాడు. “కాదు, అమ్మలాగా టీచర్ని,” అంది అలేఖ్య. వాళ్ళమ్మ ఇంకా టీచరు కాలేదన్న సంగతి ఆ పిల్ల ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

తిరిగొచ్చేసరికి ఏడయింది. వాన కురిసి వెలిసింది. దారి బురదబురదగా ఉంది. కల్లంలో కాయ నానిపోయి ఉంటుందనే నిశ్చయంతో దిగాడు అంకమ్మరావు. ఆటో లైటు వెలుతురులో చూస్తే రాశులన్నిటి మీదా పట్టాలు కప్పి ఉన్నాయి. అంచుల మీద రాళ్ళు పెట్టి ఉన్నాయి. నీళ్ళు లోపలికి రాకుండా చుట్టూ పారతో కాలవ కూడా తీసి ఉంది. పదమూడు మందీ తడిసి ముద్దయి, రేకుల షెడ్డు కింద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. ఆటో లేదు గనక ఇళ్ళకు పోలేకపోయారు నిజమే. కానీ షెడ్డు కింద పొడిగా కూర్చుంటే కాదనేవాళ్ళెవరు?

“కళ్ళెట్లున్నయ్?” పున్నమ్మ మొదట అడిగింది అదే.

“ఏం కాలేదంట పిన్నీ.” భుజం మీద నిద్రపోతున్న పిల్లాణ్ణి చూపించాడు. “మీరంతా... వానలో...” అని ఆగిపోయాడు.

“ఆ మొహం అట్టా పెట్టమాకు,” అంది పున్నమ్మ. “పిల్లలున్న ఇంట్లో ఇట్టాంటియ్యి కాక ఇంకేం అవుతయ్? మా చిన్నోడు చింతపిక్క ముక్కులో దోపుకుని నాకు మూడు చెరువుల నీళ్ళు తాగించాడు.”

“మా పిల్ల బాయి గట్టెక్కి కూచుంది ఓసారి,” అంది ఇంకొకామె.

“మావోడు కిరసనాయిలు నోట్లో పోసుకున్నాడు.”

ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటూ పోయారు. అన్నీ గుండె జారిపోయే సంగతులే, అయినా అందరూ నవ్వుతున్నారు. అంకమ్మరావు వాళ్ళ మధ్య మట్టిలో కూలబడి విన్నాడు. ఇన్ని రోజులుగా తన ఒక్కడికే చేతకాలేదనుకున్న పనిని ఇంతమంది ఇన్నేళ్ళుగా తడబడుతూ, పడిలేస్తూ చేస్తున్నారన్నమాట.

ఇంటికెళ్ళి అన్నాలు పెడుతుండగా జ్యోతిర్మయి వీడియో కాల్ వచ్చింది. పరీక్ష దగ్గర పెట్టుకున్న మనిషికి చెప్పకూడదని దారిలోనే అనుకున్నాడు. చైతును వెలుతురు పడని మూల కూర్చోబెట్టి ఫోనెత్తాడు. ఆ జాగ్రత్త ఒక్క నిమిషం కూడా నిలవలేదు.

“అమ్మా, చైతుగాడి కళ్ళల్లో కారం పడింది. నేను కడిగాను. నాన్న ఏడ్చాడు,” అంది అలేఖ్య.

జ్యోతిర్మయి ముందు పిల్లాణ్ణి చూపించమంది. చాలాసేపు చూసింది. జరిగిందంతా అడిగి తెలుసుకుంది. తిట్లకు సిద్ధపడి కూర్చున్న అంకమ్మరావుకు ఎంతకీ తిట్లు పడలేదు.

“బావా, నీకోటి చెప్పాలి,” అంది చివరికి. “అలేఖ్య పాకే రోజుల్లో నువ్వు మిర్చి యార్డుకెళ్ళావు చూడు. వచ్చేసరికి దాని నుదుటి మీద బుడిపె ఉంది. చీమ కుట్టిందన్నాను. చీమా లేదు, ఏం లేదు. మంచం మీంచి పడింది. నేను పక్కనే ఉండి పుస్తకం చదువుకుంటున్నా. నీకు చెప్పలేక ఆరోజంతా ఏడ్చాను.”

“కోడిగుడ్డంత బుడిపె. అంత పెద్ద చీమ మనూళ్ళో ఎక్కడిదా అని అప్పుడే అనుకున్నాలే,” అన్నాడు.

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆమె కళ్ళు తుడుచుకుంది.

“పొద్దున బస్సుకి వస్తావా?” అడిగాడు, వస్తానంటే వద్దనలేనని తెలిసి.

“ఎందుకు? నువ్వున్నావుగా,” అంది జ్యోతిర్మయి. ఫోను పెట్టేశాక ఆ మాట అతను మనసులో రెండు మూడుసార్లు అనుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఆమె ఒక్కపూట సెలవు దొరికించుకుని వచ్చింది. అంకమ్మరావు పిల్లలిద్దర్నీ బండి మీద వినుకొండ బస్టాండుకు తీసుకెళ్ళాడు. బస్సు దిగగానే అలేఖ్య ఎగిరి తల్లి నడుము పట్టుకుంది. చైతు మాత్రం కదల్లేదు. తండ్రి మెడ గట్టిగా వాటేసుకుని, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు ఆమెను ఎగాదిగా చూశాడు. వాడి కళ్ళు తేటగా ఉన్నాయి. జ్యోతిర్మయి చేతులు చాపి అలాగే నిలబడిపోయింది. మూడు వారాలకే మర్చిపోయాడా అన్న దిగులు ఆమె మొహంలో స్పష్టంగా కనిపించింది. అంకమ్మరావు వాణ్ణి బలవంతంగా అందించబోలేదు. నిలబడి చూశాడు.

కాసేపటికి చైతు తన చేతిలోని బిస్కెట్టు వైపు చూసుకున్నాడు. సగం తిన్నది, ఉమ్మితో మెత్తబడిపోయింది. దాన్ని తల్లి నోటి దగ్గరికి చాపాడు. ఆమె నోరు తెరిచి తినేసింది. వాడు కిలకిలా నవ్వి, మెడ వదిలేసి ఆమె మీదికి దూకాడు.

ఖాళీ అయిన చేతులతో అంకమ్మరావు వాళ్ళ ముగ్గురినీ చూస్తూ కొంచెంసేపు అక్కడే నిలబడ్డాడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఏ దేవుడి పేరూ తలుచుకోలేదు గానీ, చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఎవరైనా చూస్తారేమోనని చటుక్కున విడదీసి, ఆమె సంచీ అందుకుని బండి వైపు నడిచాడు.