మాలిని కోపంతో నడిచిన బండి

పొద్దున కాఫీ గ్లాసులు సింకులో పడగానే మదన్ బండి తాళం చేతిలోకి తీసుకుని, "పదమే, కిందికి పోయొస్తాం" అనేవాడు. మాలిని చేతులు తుడుచుకుని వెంట దిగేది. కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో వాళ్ళుండే అపార్ట్‌మెంటు కింద, కొత్త ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ తెల్లగా మెరుస్తూ నిలబడి ఉండేది. ముందు చక్రం పైనున్న చిన్న మూత తెరిచి, అక్కడ ఆమె అరచేయి ఆనించేది. మదన్ లోపల సీట్లో కూర్చుని, తెర మీది బ్యాటరీ అంకె చూస్తూ మొదలుపెట్టేవాడు.

"నిన్న అదేమి సాంబారే? హోటల్లో చేతులు కడుక్కునే నీళ్ళు దానికంటే మేలు."

నలభై ఒకటి నలభై రెండయ్యేది.

"మీ అన్న మళ్ళీ ఫోన్ చేసినాడు. గంట మాట్లాడతాడు, అందులో పనికొచ్చే మాట ఒకటి ఉండదు."

నలభై మూడు.

మాలిని పుట్టింటి ఆడవాళ్ళ కోపంలో కరెంటు ఉంది. ఇది చుట్టపక్కాలందరికీ తెలిసిన సంగతే. పెళ్ళిచూపుల్లో మదన్ తల్లి వంట గురించి అడగలేదు, పాట పాడమనలేదు. "పిల్లకు కోపం బాగా వస్తాదా?" అని మాత్రం అడిగింది. "వాళ్ళమ్మ కోపం మీదనే మా కొబ్బరితోటలో బావి మోటరు నడుస్తాండాదమ్మా" అని మాలిని నాయన గర్వంగా చెప్పాడు. సంబంధం అక్కడికక్కడే కుదిరింది.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు దోసెల పిండి రుబ్బుతుండగా కరెంటు పోయింది. అత్తగారు వంటింటి గడపలో నిలబడి, మాలిని తెచ్చుకున్న చీరల గురించి ఒక మాట అంది. గ్రైండరు మీదున్న మాలిని చెయ్యి చురుక్కుమంది, రాయి గిర్రున తిరిగింది. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. మొదట్లో ఆమెకూ అది గొప్పగానే అనిపించింది. తర్వాత తర్వాత, కరెంటు పోయినప్పుడల్లా అందరూ తన వైపు తిరిగి ఏమనాలా అని ఆలోచించడం చూసి, ఆ గొప్ప కాస్తా కడుపులో మంటైంది. ఆ మంటతోనే ఫ్యాన్లు తిరిగేవి.

బండి కొనేముందు మదన్ అపార్ట్‌మెంటు సెక్రటరీ సుబ్రమణియం దగ్గరికి పోయి, పార్కింగులో ఛార్జర్ పెట్టుకుంటానని అడిగాడు. ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదన్నాడాయన. "సరి సార్" అని మదన్ పైకి వచ్చేశాడు.

"తట్టుకుంటాదో లేదో కరెంటు బోర్డు వాళ్ళను పిలిచి చూపించమని అడగొచ్చు కదండి?" అంది మాలిని.

"ఆయనతో కొట్లాట యాల? ఇంట్లో నువ్వుండావు కదా" అన్నాడు మదన్. ఆ సాయంత్రమే బండి బుక్ చేశాడు.

బండి వచ్చాక, దాన్ని ఎలా చూసుకోవాలో వీడియోలన్నీ చూసి నేర్చుకున్నాడు. నేర్చుకున్నదంతా మాలినికి వల్లెవేసేవాడు. "ఇరవైకి కింద పోనీకూడదు, ఎనబైకి పైన ఎక్కించకూడదు. దూరం పోయే రోజు మాత్రం, బయలుదేరే ముందు నూరు నింపుకోవాల. ఎండలో తిరిగి వస్తే బ్యాటరీ చల్లారే దాకా ఆగినాకనే ఛార్జి పెట్టాల. రోజూ ఫాస్ట్ ఛార్జి వద్దేవద్దు, బ్యాటరీ ఆయుసు తగ్గిపోతాది."

అందుకనే రోజూ సాంబారు, అన్న, అద్దం ముందు ఆమె తీసుకునే సమయం, ఇలాంటి చిన్న చిన్న మాటలే అనేవాడు. చనిపోయిన ఆమె నాయన పేరెత్తడం ఫాస్ట్ ఛార్జి. దాన్ని ఊటీకో పాలక్కాడుకో పోయే రోజుకు దాచుకునేవాడు. "మీ నాయన నీకు ట్రాక్టరు తోలేది నేర్పినాడు, జీపు తోలేది నేర్పినాడు, అణిగి ఉండేది మాత్రం నేర్పలేదు" అంటే చాలు, అంకె పరుగెత్తేది. ఆమె లైసెన్సు బీరువాలోనే ఉంది. కొత్త బండి స్టీరింగు మాత్రం మదన్ ఆమెకు ఒక్కసారీ ఇవ్వలేదు.

బండిని నీడ చూసి ఆపేవాడు. వారం వారం టైర్లలో గాలి చూసేవాడు. ఎక్కేముందే ఫోన్లోంచి ఏసీ వేసి లోపల చల్లబరిచేవాడు. ఆ వేళకు మాలిని పైన వంటింట్లో, మండే అరచేతిని కొళాయి కింద పట్టుకుని నిలబడి ఉండేది.

వాళ్ళ కూతురు దర్శిని ప్లస్ టూ ముగించింది. మదురైలో లా చదవడానికి సీటు వచ్చింది. మదన్ అంతస్తు అంతస్తుకూ పోయి మైసూర్‌పాకు పంచాడు. ఆ తర్వాత పది పన్నెండు రోజులకు, స్నేహితురాలి ఇంటికి పోవద్దన్నాడని దర్శిని హాల్లో నిలబడి తండ్రితో వాదించింది. చేతిలో ఛార్జి అయిపోవచ్చిన ఫోను, వాదన ముగిసేసరికి నిండిపోయింది. మదన్ ఆ ఫోను తీసుకుని చూశాడు. తిరిగి ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

మరునాటి నుంచి మదురై దూరమైపోయింది. "ఆడపిల్ల. హాస్టల్లో తిండి సరిగ్గా ఉండదు. ఈడనే బీకాం చదవనీ" అన్నాడు. మాలిని ఒప్పుకోలేదు. ఆ వారమంతా బండి ఎనబైకి తగ్గలేదు.

చివరికి మదన్ మెత్తబడ్డాడు. కాలేజీలో చేరడానికి ఆఖరి రోజు శుక్రవారం. అదే పొద్దున పొల్లాచ్చిలో మాలిని అన్న వరదరాజన్ మనవడికి చెవులు కుట్టించే పండుగ. "ముందురోజే పొల్లాచ్చి పోతాం. శుక్రవారం చెవులు కుట్టినాక అట్లనే మదురైకి పోయి చేర్పించేస్తాం. సర్టిఫికెట్లు బండిలో పెట్టుకోండి" అన్నాడు. దర్శిని బట్టలు కూడా సర్దుకుంది.

పొల్లాచ్చిలో అన్న ఇంటి వసారాలో మాలిని తల్లి సుందరవల్లి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో కాఫీ మీగడ కట్టి ఉంది. దాన్నే తాగుతోంది.

"చల్లారిపోయిందని చెప్పొచ్చు కదమ్మా" అంది మాలిని.

"పరవాలేదు తాయీ."

వరదరాజన్ నవ్వుతూ, "అమ్మ ఇప్పుడు బంగారం, అమ్మిణీ. పెట్టింది తింటాది, కూర్చోమన్న తావులో కూర్చుంటాది. ఒక్క మాట అనదు" అన్నాడు.

మాలిని చిన్నప్పుడు ఈవిడ గొంతు తోట చివరిదాకా వినబడేది. తెల్లారగానే నాయన బావి గట్టు మీద నిలబడి ఏదో ఒకటి అనేవాడు, అమ్మ మోటరు మీద చెయ్యేసి తిట్టేది, కాలవల్లో నీళ్ళు పారేవి. ఏళ్ళ తరబడి పారాయి. దర్శిని అవ్వ పక్కన కింద కూర్చుని, "ఇప్పుడు కోపమే రాదా అవ్వా?" అని అడిగింది.

సుందరవల్లి గుండె కింద చేత్తో తడిమి చూసుకుంది. "ఈడ ఉండేది. ఇప్పుడు చెయ్యి పెడితే సల్లగా ఉండాది. నొప్పేమీ లేదు తాయీ" అంది.

ఆ సాయంత్రం మదన్ చుట్టాల్ని బండిలో ఎక్కించుకుని ఆళియారు డ్యాముకు రెండు విడతలు తిప్పాడు. అద్దాలు దించి, ఏసీ వేసి, వేగం ఎంతుందో చూపించాడు. శుక్రవారం పొద్దున బిడ్డ చెవులు కుట్టారు, అందరూ భోజనాలు చేశారు. ఎండ నడినెత్తికి వస్తుండగా దర్శిని సంచి భుజాన వేసుకుని వాకిట్లో బండి దగ్గరికి వచ్చింది.

"పోదామా అప్పా? ఐదు లోపల ఆడ ఉండాల."

మదన్ తలుపు తీసి, డ్రైవరు సీట్లో పక్కకు కూర్చుని తెర చూశాడు. "పదకొండే ఉంది పాపా. మదురై ఎట్ల పోతాం?"

"ఉడుమలై రోడ్డులో ఛార్జర్ ఉంది కదా?"

"యాప్‌లో చూసినా. అది చెడిపోయుండాది. ఇంతేలే. ఈడనే చదువు."

దర్శిని ముందు చక్రం పైన చెయ్యి ఆనించి నిలబడింది. "నిన్న మీరు అన్ని సార్లు తిప్పకుండా ఉంటే చాలు కదా అప్పా."

తెర మీద పదమూడు వచ్చింది. మదన్ కళ్ళు అటు పోయాయి, పోయి అక్కడే నిలిచాయి. గొంతు మారింది. పొద్దున పార్కింగులో పలికే గొంతు అది.

"లా చదివి ఏం చేస్తావు? ఇంట్లో మాట్లాడేది చాలదని కోర్టులో మాట్లాడతావా?"

పదహారు.

"నీ మార్కులకు ఆ సీటు ఎవరో పొరపాటుగా ఇచ్చినారు."

పంతొమ్మిది. దర్శిని కళ్ళలోంచి నీళ్ళు దూకాయి. వసారాలోంచి వరదరాజన్ తొంగి చూసి, "మా రక్తం బావా, అది ఎక్కడికి పోతాది" అన్నాడు సంతోషంగా.

మాలినికి అప్పుడు తెలిసింది. హాల్లో ఆయన దర్శిని ఫోను తీసుకుని చూడడం, మరునాటికే మదురై దూరమవడం, నిన్న డ్యాముకు తిప్పడం, అన్నీ ఒక వరసలోకి వచ్చి నిలబడ్డాయి. ఆయనకు బీకాం మీద ప్రేమా లేదు, హాస్టలు తిండి మీద బెంగా లేదు. తాను అమ్మలా ఆరిపోయే రోజుకు ఆయనకు ఇంకొకటి చేతికింద ఉండాలి. ఆమె వెనక్కి తిరిగి వసారాలోకి చూసింది. సుందరవల్లి కుర్చీలో కూర్చుని, మనవరాలు ఏడవడం చూస్తూ, చిన్నగా నవ్వుతోంది.

మాలిని పోయి కూతురి చెయ్యి బండి మీది నుంచి తీసేసింది. అక్కడ తన చెయ్యి పెట్టింది.

"అదీ సరే" అన్నాడు మదన్. "మీ నాయన..."

ఆయన చెప్పాల్సిన పని లేకపోయింది. ముప్పై, యాభై, డెబ్బై. దీపాలు వెలిగాయి, వైపర్లు ఎండిన అద్దం మీద కిర్రుమంటూ ఆడాయి. "ఎనబై చాలు, ఎనబై చాలే, తియ్యి" అని మదన్ కంగారుగా దిగాడు. మాలిని నూరు నిండేదాకా తియ్యలేదు. నిండాక చుట్టూ తిరిగి వచ్చి, ఆయన దిగిన సీట్లో కూర్చుంది.

"ఎక్కు పాపా."

"ఏమే, కొత్త బండి. నీకు అలవాటు లేదు."

"దీన్ని ఎట్ల చూసుకోవాలో రోజూ నాకే కదా చెప్తిరి" అంది మాలిని. తాళం ఆయన చేతిలోంచి తీసుకుని తలుపు వేసింది.

మొదట్లో బండి ఎగిరెగిరి పడింది. కాలు ఎత్తగానే ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగిపోయేది. ఉడుమలై దాటేసరికి చేతికి వచ్చింది. చప్పుడు లేని బండి కాబట్టి సందుల దగ్గర హారన్ కొడుతూ నడిపింది. తెర మీద నూరు కదల్లేదు. స్టీరింగు పట్టుకున్న అరచేతులు నిప్పుల్లా ఉన్నాయి.

పళని కొండ కనబడుతుండగా మదన్ ఫోన్ చేశాడు. గొంతు బండంతా మోగింది. "చుట్టాల ముందర నా పరువు తీస్తివి కదే. తిప్పు వెనక్కి." అది విన్నంతసేపూ ఏటవాలు ఎక్కుతున్న బండి తేలిగ్గా ముందుకు దూకింది. దర్శిని కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. "ఇంకొంచెం మాట్లాడనీమ్మా. దిండుక్కల్ దాకా అప్పానే దింపేస్తాడు."

కాసేపటికి ఆ పిల్ల తన చెయ్యి కూడా డ్యాష్‌బోర్డు మీదికి చాపింది. "నేనూ పెడతానమ్మా. నాకూ చాలా ఉంది."

"తియ్యి" అంది మాలిని, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా. "ఒళ్ళో పెట్టుకో. నీ కోపం నీ దగ్గరే ఉండనీ. దాంతో నీకు పనుంది."

ఒట్టన్‌చత్రం దాటాక అంకె తగ్గడం మొదలైంది. అందరి బండ్లలో తగ్గినట్టే తగ్గింది, కానీ త్వరత్వరగా. మాలిని తన గుండె తడిమి చూసుకుంది. కోపం ఎంతుండాలో అంతా ఉంది. ఇంకా పెరిగింది కూడా. అది బయటికి మాత్రం పోవడం లేదు. మదన్ మళ్ళీ ఫోన్ చేసి, ఈసారి నాయన పేరు, అమ్మ పేరు అన్నీ ఎత్తాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తెర మీద ముప్పై నాలుగు ముప్పై మూడైంది.

"బండికి ఎక్కడం లేదు" అంది మాలిని. ఏసీ ఆపేసి అద్దాలు కొద్దిగా దించింది. వేగం తగ్గించింది. ముందు లారీ బ్రేకు లైటు కనబడగానే కాలు ఎత్తేసి, చక్రాల ఊపులోంచి కాస్త ఛార్జీ తిరిగి రాబట్టుకుంది. వెనకనుంచి బస్సులు హారన్లు కొట్టి దాటిపోయాయి. దిండుక్కల్ బైపాసులో ఆగి ఛార్జర్ వెతుక్కుంటే ఐదు దాటిపోతుంది. వాడిప్పట్టి దగ్గర బండి ఎర్ర దీపం చూపించి హెచ్చరించింది. మదురైలో కాలేజీ గేటు దాటి, చెట్టు నీడలో ఆపేసరికి నాలుగు మిగిలింది. ఆఫీసు తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి.

దర్శిని లోపలికి పోయింది. ఏదో కాగితానికి జెరాక్సు లేదంటే పరుగెత్తి తెచ్చుకుంది, మళ్ళీ పోయింది. బయటికి వచ్చేసరికి లా కాలేజీ పిల్ల అయిపోయి ఉంది. ఆమెను పక్క వీధిలోని హాస్టల్లో దింపి, సంచి గదిలో పెట్టి, వార్డెనుతో మాట్లాడి, మాలిని బండి దగ్గరికి తిరిగి వచ్చింది. మూత తీసి అరచేయి పెట్టింది. పొల్లాచ్చి వాకిలి తలుచుకుంది. కూతురి ఏడుపు, తల్లి నవ్వు తలుచుకుంది. కణతలు అదిరాయి. అంకె నాలుగు దగ్గరే ఉంది. చెయ్యి మాత్రం మండలేదు. ఆమె బండికి తాళం వేసి, తాళాన్ని కాలేజీ వాచ్‌మన్ దగ్గర పెట్టింది. ఆటో పిలిచి ఆరప్పాళయం బస్టాండుకు పోయింది.

కోయంబత్తూరు బస్సు కదలబోతుండగా మదన్ ఫోన్ వచ్చింది. ఈసారి గొంతు నెమ్మదిగా ఉంది. "బండి యాడ?"

"కాలేజీలో. తాళం వాచ్‌మన్ దగ్గర ఉంది. ఛార్జి లేదు, లారీ పెట్టి తీసుకుపోండి. రేపు సుబ్రమణియం దగ్గరికి పోయి ఛార్జర్ గురించి మీరే గట్టిగా అడగండి."

"నువ్వు వచ్చి కొంచెం చెయ్యి పెడితే..."

"పెట్టినా ఇక ఛార్జి రాదు" అని ఫోన్ పెట్టేసింది.

పక్క సీట్లో కూర్చున్న మనిషి మోకాళ్ళు బార్లా చాపి, ఆమెను కిటికీకి ఒత్తేశాడు. ఇన్నేళ్ళూ అలాంటప్పుడు మాలిని ఒదిగి కూర్చునేది. ఇప్పుడు ఆ మనిషి ముఖంలోకి సూటిగా చూసి, "కాలు తియ్యండి" అంది. గొంతు బస్సు చివరిదాకా వినబడింది. ఆయన ఉలిక్కిపడి కాళ్ళు ముడుచుకున్నాడు. తల పైనున్న గుడ్డి బల్బు ఎంత వెలుగుతోందో అంతే వెలిగింది. మాలిని తనకు రావలసినంత చోటులోకి జరిగి, కిటికీ తెరిచింది.