బుధవారం కుర్చీ

ఎర్ర వ్యాన్ అద్దం మీద నీళ్లు చల్లి, రబ్బరు పట్టీని పైనుంచి కిందకు ఒక్క గీతలో లాగి, పట్టీ అంచును గుడ్డతో తుడుచుకుని, వాసుదేవరావు రెండో గీతకు చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎడమ దవడ కింద మొదలైన నొప్పి భుజం దాకా పాకి, ఇల్లు తెలిసిన చుట్టంలా అక్కడే తిష్ఠ వేసింది. అది తగ్గేదాకా అద్దం మీద మరకేదో వెతుకుతున్నట్టు నటించాడు. వ్యాన్‌లోని మనిషి హారన్ కొట్టాడు.

న్యూజెర్సీలో ఎవరి కారులో వాళ్లు పెట్రోలు పోసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. పోయడానికి ఒక మనిషి ఉండాలి. పార్సిప్పనీ శివార్లలో, హైవే పక్కనున్న బంకులో ఆ మనిషి వాసుదేవరావు. అరవైకి దగ్గర పడ్డవాడు. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. దట్టమైన కనుబొమలు, కోటేరు వేసిన ముక్కు. ఒంగోలులో ఉన్నప్పుడు ఆ ముక్కును అందరూ మెచ్చుకునేవారు. ఇక్కడ అదే అతని కొంప ముంచింది.

మొదట్లో అతని పని లోపలే. అద్దాల గది, తిరిగే కుర్చీ, కాళ్ల దగ్గర కరెంటు హీటరు, ముందు సిగరెట్ల అర. సహకార బ్యాంకు కౌంటరు వెనక జీవితమంతా గడిపినవాడికి ఈ దేశంలో మళ్లీ ఒక కౌంటరు దొరకడం మామూలు అదృష్టం కాదు. బావమరిది డాక్టర్ రాజగోపాల్ తన అక్క జానకీదేవికి కాగితాలు పెట్టి, మొగుడూపెళ్లాలిద్దర్నీ రప్పించి, ఒక అపార్ట్‌మెంటులో దించి చేతులు దులుపుకున్నాడు. ఆ కుర్చీని మాత్రం వాసుదేవరావు తనంతట తనే సంపాదించుకున్నాడు.

తరవాత ఇరాన్‌లో అమెరికా ఎంబసీ మీద పడి లోపలున్నవాళ్లను బందీలుగా పట్టుకున్నారు. ఆ వారంలోనే సిగరెట్లకు వచ్చిన ఒకాయన వాసుదేవరావును ఎగాదిగా చూసి, ఇరానీవాడనుకుని, చేతిలో ఉన్న వేడి కాఫీ అతని మొహాన కొట్టాడు. బంకు యజమాని ఫ్రాంక్ మంచివాడే, బేరం చెడనంతవరకు. కాఫీ కొట్టినవాడికి తనే క్షమాపణ చెప్పుకుని, సిగరెట్లు ఊరికే ఇచ్చి పంపి, వాసుదేవరావును బయట పంపుల దగ్గర నిలబెట్టాడు. బయటైతే టోపీ, మఫ్లరు ఉంటాయి, మొహం అంతగా కనబడదన్నాడు. నేను ఇండియన్‌ని కదా అని వాసుదేవరావు గుర్తుచేశాడు. నాకు తెలుసు, వాళ్లకు తెలియదుగా అన్నాడు ఫ్రాంక్. మనవాళ్లు క్షేమంగా బయటపడ్డ రోజున నువ్వూ లోపలికి వద్దువుగాని అని భుజం తట్టాడు.

ఆ బందీల కోసం అమెరికా అంతా ఏడాదికి పైగా ఎదురుచూసింది. చెట్లకు పసుపు రిబ్బన్లు కట్టింది. కానీ వాళ్ల పెళ్లాంబిడ్డల్ని మినహాయిస్తే, వాసుదేవరావు ఎదురుచూసినట్టు మరెవరూ చూసి ఉండరు. విడిపించడానికి వెళ్లిన హెలికాప్టర్లు ఎడారిలో తగలబడ్డాయని టీవీలో చెప్పిన రోజు అతనికి అన్నం సహించలేదు. జానకీదేవి ఆ బందీల పేరున కొబ్బరికాయ మొక్కుకుంది. వాళ్లెవరో, ఏం చేసేవాళ్లో ఆమెకు తెలియదు. ఆమె మొక్కంతా ఒక కుర్చీ కోసం.

ఎర్ర వ్యాన్ వచ్చిన ఆ రోజు పొద్దున వార్తల్లో, విమానం సిద్ధంగా ఉందని, కొత్త ప్రెసిడెంటు ప్రమాణం చేసే వేళకు వాళ్లు బయటపడవచ్చని చెప్పారు. జానకీదేవి ఆ కుర్చీ కోసం ఎప్పుడో కుట్టి ఉంచిన దిండు బయటికి తీసింది. వెంకటగిరి చీర ఒకటి చిరిగితే, దాని పచ్చ అంచు పైకి వచ్చేలా కుట్టి, పాత తలగడలోని దూది కూరింది. కిందకు దిగివచ్చి స్వయంగా మొగుడి కారు వెనక సీటులో పెట్టింది.

"ఇవాళ మాత్రం వెయ్యకండి, మంగళవారం," అంది. "రేపు పొద్దున్నే దేవుణ్ణి తలుచుకుని దీని మీద కూర్చోండి."

"ఆ మాత్రం నాకు తెలీదా," అన్నాడు వాసుదేవరావు.

నొప్పి సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే తమ్ముడికి ఫోన్ చేస్తుంది. రాజగోపాల్ ముందు మళ్లీ చెయ్యి చాచడం అతనికి ప్రాణం మీదకు వచ్చినంత పని. హీటరు పక్కన కూర్చుంటే అదే పోతుందనుకున్నాడు.

మధ్యాహ్నం ఫ్రాంక్ గదిలోంచి కన్నీళ్లతో బయటికి వచ్చాడు. వాళ్లను వదిలేశారట. ఆ సంతోషంలో అట్టముక్క మీద ఇవాళ అందరికీ చవక అని రాసి రోడ్డు పక్కన నిలబెట్టాడు. తరవాత వాసుదేవరావు చేతిలోని గొట్టం అందుకుని, ఇక లోపలికి పో, ఈ పూట పంపులు నేను చూసుకుంటాను అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ ఒక్క నిమిషం అతను అంత మంచివాడే.

వాసుదేవరావు అద్దంలోంచి కుర్చీని చూశాడు. హీటరులో తీగలు ఎర్రగా వెలుగుతున్నాయి. అతని కాళ్లు ఒక అడుగు వేశాయి కూడా. అంతలో మనసు అడ్డం పడింది. ఇన్నాళ్లు ఆగి, తీరా మంగళవారం పూట కూర్చుంటే ఆ కుర్చీ నిలుస్తుందా? నెలంతా గడ్డకట్టించిన చలి ఆ రోజే కాస్త తెరిపిచ్చింది. ఒక్క పూటకు ఏమవుతుంది?

"టుమారో, సర్," అన్నాడు. "టుడే ట్యూస్‌డే."

ఫ్రాంక్‌కు ముక్క అర్థం కాలేదు. బహుమానం ఇవ్వబోతే చెయ్యి వెనక్కు తీసుకున్నవాణ్ణి చూసినట్టు చూసి, నీ ఖర్మ అన్నట్టు భుజాలెగరేసి, తనే వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

కార్లు హైవే దాకా బారులు తీరాయి. ఊరికూరికే హారన్లు కొడుతున్నారు. ఒకావిడ వాసుదేవరావు కోటు గుండీకి పసుపు రిబ్బను కట్టి వెళ్లింది. నీది ఏ దేశమని ఆ రోజు ఎవరూ అడగలేదు. అతను పోస్తూనే ఉన్నాడు, తుడుస్తూనే ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా వచ్చిన కారు రాజగోపాల్‌ది. బావగారు పంపు పట్టుకుని నిలబడ్డారని నలుగురికీ తెలియడం నచ్చక అతను ఈ దారికే రాడు. ఇవాళ చవక బేరమని వెనక సీటులోని అతిథి లాక్కొచ్చి ఉంటాడు. రాజగోపాల్ అద్దం కొంచెమే దించి, నింపమని ఇంగ్లీషులో చెప్పాడు.

"మనవాడిలా ఉన్నాడే," అన్నాడు అతిథి తెలుగులో.

"ఎవరో గుజరాతీ అయ్యుంటాడు," అన్నాడు రాజగోపాల్.

వాసుదేవరావు విన్నాడు. అద్దం మీద నీళ్లు చల్లి, రెండు గీతల్లో, చుక్క మిగలకుండా తుడిచాడు. అంత శుభ్రంగా ఆ రోజు ఏ కారునూ తుడవలేదు. డాక్టరు ఒక్కసారి తలెత్తి ఉంటే, బూడిద రంగుకు తిరిగిన ఆ మొహం, చలిలో పట్టిన ఆ చెమట చూసి ఉండేవాడు. అతను పెట్రోలు ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ చిల్లర ఉంచుకొమ్మన్నాడు.

ఆ కారు రోడ్డెక్కాక వాసుదేవరావు పంపుల మధ్య సిమెంటు గట్టు మీద కూర్చున్నాడు. కోటు గుండీలు సరిచూసుకున్నాడు. వెనక కారువాడు విసుగొచ్చి హారన్ కొట్టాడు. ఆ రోజు ఊరంతా హారన్లే కాబట్టి అది కూడా సంబరమే అనుకున్నారు. ఫ్రాంక్ బయటికి వచ్చి చూసేసరికి ప్రాణం పోయింది.

బుధవారం పొద్దున ఫ్రాంక్, వాసుదేవరావు కారు తాళాలు పట్టుకుని అపార్ట్‌మెంటుకు వచ్చాడు. కార్లకు చోటు చాలడం లేదు, బంకు వెనకున్న ఆ కారు ఇవాళే తీసుకుపొమ్మన్నాడు. జానకీదేవికి ఇంగ్లీషు రాదు. రాజగోపాల్ తెలుగులో చెబుతున్నాడు. నిన్న మధ్యాహ్నమే లోపలికి రమ్మన్నాడట, బావగారే రాలేదట.

"ఎందుకు రాలేదటరా?" అని అడిగింది ఆమె.

రాజగోపాల్ అడిగాడు. రేపు వస్తానన్నాడు, ఇవాళ ట్యూస్‌డే అన్నాడు, ఎందుకో నాకు తెలియదని ఫ్రాంక్ భుజాలెగరేశాడు. అర్థమైనవాడు రాజగోపాల్ ఒక్కడే. అతను నోరు మూసుకుని ఊరుకోవచ్చు. కానీ నిన్నటినుంచి గుండెలో కుళ్లుతున్న తన తప్పులో సగమైనా ఇంకొకరి నెత్తిన పెట్టే దారి అతనికి కనబడింది.

"మంగళవారం కదా అన్నారట, అక్కా."

జానకీదేవి ఏడవడం ఆపేసింది. ఆ తరవాత ఆమె ఏడవగా ఎవరూ చూడలేదు.

కారు తేవడానికి రాజగోపాలే వెళ్లాడు. బంకు వెనక, తాళం వేసిన కారులో, వెనక సీటు మీద దిండు ఆమె పెట్టింది పెట్టినట్టే ఉంది, పచ్చ అంచు పైకి, కుట్లు కిందకు.