టక్ అనే చోట

బళేపేటలో ఆదినారాయణప్ప హోటలుకు జనం కాఫీ కోసం వచ్చేవారంటే అది పచ్చి అబద్ధం. ఆ కాఫీ సంగతి తాగినవాళ్లకు తెలుసు. పందొమ్మిది వందల ముప్ఫైల్లో వాళ్లొచ్చింది అక్కడున్న గ్రామఫోను పెట్టె కోసం, అందులోనూ ఒకే ఒక్క ప్లేటు కోసం. ఏదో నాటకం కంపెనీ నాయిక పాడిన పాట అది. "ఏ దారి వచ్చేవో, ఎదురు చూచి చూచి అలసితినయ్యా" అని మొదలయ్యేది.

కొన్న నెలకే ఆ ప్లేటు చిట్లింది. ముల్లు "ఎదురు" దాకా బుద్ధిగా వచ్చి, టక్‌మని ఎగిరి "అలసితినయ్యా" మీద పడేది. "చూచి చూచి" గల్లంతు. మొదట్లో జనం నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు, ఆ తర్వాత తామూ అలాగే పాడసాగారు. టక్ దగ్గరికి రాగానే హోటలంతా వేలితో బల్ల మీద ఒక్క దెబ్బ వేసేది. రోజూ వచ్చే తిమ్మరాయప్పయితే దేవనహళ్ళిలో ఒక పెళ్లింట ఆ పాట అలాగే పాడి, టక్ దగ్గర తొడ చరిచి, అందరూ ఎందుకు నవ్వుతున్నారో అర్థంకాక తెల్లమొహం వేశాడు.

ఇంతలో యుద్ధం వచ్చింది. ప్లేట్లు చేసే లక్క కరువైంది. పాతవి నాలుగు తెస్తేనే కొత్తది ఒకటి ఇస్తానన్నాడు అంగడివాడు. సినిమా పాటల మోజులో ఆదినారాయణప్ప చిట్లినవీ గీతలు పడ్డవీ ఏరి ఇచ్చేశాడు. వాటితోపాటు ఆ పాటా పోయింది. కొత్త ప్లేటు పదిహేను రోజులకే మొహం మొత్తింది. అప్పుడు తెలిసొచ్చింది మనిషికి, తను పారేసుకున్నదేమిటో.

అప్పటినుంచి ఆయనకు ఒకటే రంధి, ఆ పాట ఇంకొక్కసారి వినాలని. నాలుగేళ్లపాటు పాత సామాన్ల అంగళ్లన్నీ గాలించాడు. హోటల్లో రేడియో పెట్టాడు గానీ దాని ముందు కూర్చుని కూడా ఆ పాత పాట గురించే చెప్పేవాడు. వినేవాళ్లకు విసుగొచ్చింది, ఆయనకు రాలేదు.

నలభై ఏడులో తిమ్మరాయప్ప ఆ ప్లేటు సంపాదించుకొచ్చాడు. ఎక్కడిదంటే, దేవనహళ్ళిలో తనను చూసి నవ్విన ఆ పెళ్లింటిదే. వాళ్ల ప్లేటుకు పగులు లేదు మరి, నవ్వరూ?

పెట్టెకు కీ తిప్పి, కొత్త ముల్లు వేసి, ఇద్దరూ కూర్చున్నారు. అదే గొంతు, అదే హార్మోనియం. ఆదినారాయణప్పకు కళ్లు చెమర్చాయి. "ఎదురు" రాగానే ఇద్దరి వేళ్లూ బల్ల మీద టక్‌మన్నాయి. నాయిక మాత్రం నింపాదిగా "చూచి చూచి" అని సాగదీసుకుంటూ పోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇదెవురో వేరే ఆమె పాడినట్టుండాదప్పా" అన్నాడు తిమ్మరాయప్ప.

మళ్లీ పెట్టారు, మళ్లీ అంతే. నాలుగేళ్ల ఆశ మూడు నిమిషాల్లో నీరుగారిపోయింది. అప్పుడు గోడవతల వంటింట్లోంచి ఆదినారాయణప్ప భార్య సొన్నమ్మ మాట వినిపించింది.

"మన పాటలో చూచి చూచి లేదు గదా."

ఆదినారాయణప్ప లేచి లోపలికి వెళ్లాడు. ఆ పాట నీకెట్లా తెలుసని అడిగాడు. పదేండ్లు ఈ గోడ పక్కనే కూర్చుని పిండి రుబ్బితే రాకుండా ఎట్లుంటుందని ఆమె తిరిగి అడిగింది. ఆయన వెంటనే పాడమన్నాడు. బతిమాలినంత పని చేశాడు.

సొన్నమ్మ చేతిలో పని ఆపకుండానే జవాబు చెప్పింది. "నేను కాపరానికొచ్చిన కొత్తల్లో ఒగసారి పాడితి. సంసారులు నాటకం పాటలు పాడగూడదని మీరే అంటిరి."

ఆయనకది గుర్తే లేదు. ఎప్పుడన్నాడో, ఎందుకన్నాడో, ఎంత తడుముకున్నా తట్టలేదు. ఆమెకు మాత్రం పద్నాలుగేళ్లుగా గుర్తుంది. ఆయన సిగ్గుపడ్డాడు, నిజంగానే పడ్డాడు. అప్పుడేదో తెలియక అన్నానని గొణిగాడు. సొన్నమ్మ మంచిదండి అన్నట్టు తల ఊపింది గానీ పాడలేదు.

నాలుగు రోజులు పోయాక ఒక మధ్యాహ్నం హోటలు ఖాళీగా ఉంటే, కాఫీపొడి డబ్బా కోసం ఆయన లోపలికి బయల్దేరాడు. వంటింటి గుమ్మం ఇంకా రెండడుగులుందనగా రుబ్బురోలు చప్పుడులోంచి సన్నగా పాట వినిపించింది. గొంతు గొప్పదేం కాదు, కాస్త బొంగురు. "ఏ దారి వచ్చేవో, ఎదురు" అని, గిన్నె అంచు మీద వేలితో టక్‌మనిపించి, "అలసితినయ్యా" అంది.

ఆయన కాలు ముందుకు పడలేదు. లోపలికి వెళితే పాట ఆగిపోతుంది. ఈవలే గోడకు ఆనుకుని, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ నిలబడిపోయాడు.

బయట ఎవరో వచ్చి కూర్చుని, ఒక కాఫీ అని కేకేశారు. ఆదినారాయణప్ప పలకలేదు.